వీడియో కూర్పులో తడబాటు – దోషమును కనుగొను విధానము

చలనచిత్రమనగా నిజమునకు చలించని బొమ్మల వరుస. సినిమాలో సెకనుకు 24, మన దేశపు టెలివిజనులో 25 బొమ్మలు కంటి ముందు జరిగిపోవుటచే కదలిక ఉన్నట్లు తోచును. ఈ లెక్క చెడినచో బొమ్మ తడబడును, మాట పెదవిని వీడిపోవును. తాడిపత్రికి చెందిన కె.వి.రెడ్డి గారి ‘మాయాబజార్’ (1957)లో మాయాశశిరేఖ పాడు చోట ఘంటసాల కంఠమునకు సావిత్రి పెదవి కదిపినారు. అచ్చట శబ్దము ఒక్క సెకను వెనుకబడినను హాస్యము అపహాస్యమై ఉండెడిది.

నాడు స్టూడియోలలో జరిగిన కూర్పు నేడు కల్లూరు విద్యార్థి చేతిలోని కంప్యూటరులో జరుగుచున్నది. అయితే కూర్పు సమయమున బొమ్మ ఆగి ఆగి నడిచినచో, “రికార్డింగే పాడైనది” అని తలచి దానిని చెరిపివేయువారు కలరు. ఇది పొరపాటు. ప్రదర్శనలోని దోషము వేరు, మూలములోని దోషము వేరు. కనుక మొదట మూల ఫైలును వి.ఎల్.సి. వంటి సాధారణ ప్లేయరులో చూడవలెను. అచ్చట సాఫీగా నడిచినచో రికార్డింగు క్షేమము. అచ్చటను తడబడినచో మరియొక కంప్యూటరులో చూచిన పిదపనే నిర్ణయమునకు రావలెను.

బొమ్మ తడబడుటకు కారణము

1920 × 1080 కొలత గల ఒక బొమ్మలో 20,73,600 చుక్కలుండును. చుక్కకు 3 బైట్ల చొప్పున, సెకనుకు 25 బొమ్మలకు 15 కోట్ల 55 లక్షల బైట్లు దాటును. ఇంత భారము మోయలేకనే వీడియోను కుదించి దాచుదురు. 2003లో వెలువడిన హెచ్.264 పద్ధతిలో అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మను, నడుమ మార్పులను మాత్రమే భద్రపరచుదురు. కూర్పులో మధ్య బొమ్మపై ఆగినచో కంప్యూటరు వెనుకటి పూర్తి బొమ్మకు పోయి, అచ్చటి నుండి లెక్క కట్టుకొని రావలెను. తడబాటునకు ఇదియే తరచు కారణము.

నివారణోపాయములు నాలుగు. ఒకటి, ప్రివ్యూ నాణ్యతను సగమునకు తగ్గించుట. పొడవు, వెడల్పు రెండును సగమైనచో చుక్కలు నాలుగవ వంతగును. రెండు, ప్రాక్సీ అనబడు తేలిక నకళ్లతో కూర్చుట; తుది ప్రతికి మరల మూలమునే వాడవచ్చును. మూడు, పెన్‌డ్రైవు నుండి నేరుగా కూర్చక ఫైళ్లను కంప్యూటరు డిస్కులోనికి చేర్చుకొనుట. నాలుగు, యంత్రమునకు గాలి ఆడునట్లు చూచుట. మన కర్నూలు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును. వేడెక్కిన ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును.

శబ్దము తప్పినచో

ఆద్యంతము ఒకే ఎడము ఉన్నచో శబ్దమును ఆ మేరకు జరిపిన చాలును. ఎడము క్రమముగా పెరిగినచో బొమ్మల వేగము లెక్క తప్పినదని అనుమానింపవలెను. సెకనుకు 30 బొమ్మలను 29.97గా నడిపినచో గంటకు 3.6 సెకన్లు తేడా వచ్చును. సెల్‌ఫోను వెలుతురు తగ్గినప్పుడు తన వేగమును మార్చుకొనవచ్చును. అట్టి ఫైలును హ్యాండ్‌బ్రేక్ వంటి సాధనముతో స్థిర వేగమునకు మార్చి, పిదప కూర్చవలెను. రికార్డింగు మొదట, చివర ఒక్కొక్క చప్పట్లు కొట్టినచో ఈ రెండు దోషముల భేదము వెంటనే తెలియును.

బొమ్మకు మారుగా “ఫైలు లేదు” అను సూచన కనిపించినను కంగారు వలదు. ఫైలు చోటు మారియుండవచ్చును. దాని క్రొత్త చోటును చూపిన చాలును.

విద్యార్థులారా! హకీము నాడి చూడక మందు ఇయ్యడు. మీరును ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితమును వ్రాసికొనుడు. పని ముగిసినను మూలమును రెండు చోట్ల భద్రపరచుడు. మన ముషాయిరాలో ఒక వృద్ధకవి చదివిన గజలును తిరిగి అదే గొంతుతో వినగల భాగ్యము ఆ ఒక్క ఫైలు మీదనే ఆధారపడి ఉండవచ్చును. సాఫ్ట్‌వేరును మరల తెచ్చుకొనవచ్చును గాని, ఆ గొంతును తెచ్చుకొనలేము.