రెండో రోజు కూడా పోయిన డాక్టరుదే ఊరు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక తెల్లవారుజామున ఫోను మోగింది. "సారూ, బర్రె లేస్తలేదు. జెర జెల్ది రాండ్రి." మానుకోట దాటాక ఒక తండా. నేను పోయేసరికి బర్రె తలను డొక్క మీదికి తిప్పుకొని కూలబడి ఉంది. చెవులు చల్లగా తగిలాయి. ముట్టె ఎండిపోయింది.

"ఎప్పుడు ఈనిందవ్వా?"

"మొన్న మాపటికి ఈనింది బిడ్డా. నిన్నటిదాంక మంచిగనే ఉండె."

పాలజ్వరం. పేరులో జ్వరం ఉంది గాని ఒళ్లు చల్లబడుతుంది. ఈనగానే కాల్షియం పాలలోకి పోయి రక్తంలో తగ్గిపోవడమే ఈ జబ్బు. 450 మిల్లీలీటర్ల కాల్షియం సీసాను గోరువెచ్చని నీళ్ల బకెట్లో ఉంచాను. మెడ నరానికి సూది ఎక్కించి, స్టెతస్కోపుతో గుండె వింటూ మెల్లగా వదిలాను. సగం సీసా అయ్యేసరికి తొడ కండరాలు వణికాయి. బర్రె తేన్చింది. ముట్టె మీద చెమట చుక్కలు పేరాయి. పేడ వేసింది. కాసేపటికి వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు సర్దుకొని నిలబడింది. తండా అంతా చుట్టూ చేరి చూస్తోంది. "ఇగ ఏం కాదవ్వా" అని చెప్పి బండెక్కాను. ఆ రోజంతా ఆకలి కూడా తెలియలేదు.

మర్నాడు పొద్దున మళ్లీ అదే ఫోను. బర్రె మళ్లీ పడుకుంది. పాలజ్వరం తగ్గిన పశువుల్లో కొన్ని ఒకటి రెండు రోజుల్లో మళ్లీ పడిపోతాయి. కాలేజీలో చదివిన సంగతే. అవ్వకు చెప్పాల్సింది, చెప్పలేదు. ఆ మాటే ఒప్పుకుని, మళ్లీ కాల్షియం ఎక్కించి, పొదుగును రెండు రోజులు పూర్తిగా పిండవద్దని చెప్పి వచ్చాను. మూడో రోజు ఎవరూ పిలవకుండానే పోయి చూశాను. ఆ తర్వాత ఆ తండాలో ఏ జీవానికి ఏమైనా మొదటి ఫోను నాకే వచ్చేది.

సూది వేయడం కాలేజీ నేర్పుతుంది. రెండో రోజు మళ్లీ పోవడం మాత్రం ఉద్యోగంలోనే నేర్చుకోవాలి. మందు పని చేసిందో లేదో ఆ రోజే తెలుస్తుంది. రైతు మీ మీద ఒక నిర్ణయానికి వచ్చేదీ ఆ రోజే. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు పశువైద్య కాలేజీల్లో చదువుతున్నవాళ్లకు, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో కొత్తగా చేరిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పదలచుకున్న మాటలన్నీ దీని చుట్టూనే ఉంటాయి.

సగం వైద్యం ఫోనులోనే

అర్ధరాత్రి ఫోను వస్తే విసుగు రావడం సహజం. విసుగుకు చోటివ్వకుండా ఆరు ప్రశ్నలు అడగండి. ఏ పశువు, ఎన్ని ఈతలది? చూడితో ఉందా, ఈని ఎన్నాళ్లయింది? ఎప్పటి నుంచి ఇట్లా ఉంది? పేడ, మూత్రం పోస్తోందా? నిన్న ఏం మేసింది, ఎక్కడ మేసింది? ఇప్పటికే ఎవరైనా చూశారా, ఏ మందు ఇచ్చారు?

చివరి ప్రశ్నను కోపం లేకుండా అడగాలి. ఒకసారి కసిరితే, రెండోసారి రైతు నిజం దాస్తాడు. అప్పుడు అదే మందును మీరు మళ్లీ ఎక్కించే ప్రమాదం ఉంది.

కడుపుబ్బరం, ఈనలేక నొప్పులు పడటం, ఈనిన తర్వాత కూలబడటం, పురుగుమందు తగలడం, లేత జొన్న మేస్తే తగిలే నాము. ఈ ఐదింటికీ ఉన్నఫళంగా బయల్దేరాలి. నొప్పులు పడుతున్న బర్రె గర్భసంచి మెలిక పడి ఉంటే, పొద్దున చూద్దామనుకునేలోపు దూడ పోతుంది, తర్వాత తల్లికీ ముప్పు వస్తుంది. మీరు వేరే కేసులో ఉంటే ఆ మాట సూటిగా చెప్పి, సంచార పశువైద్య సేవ నంబరు 1962కు ఫోను చేయమనండి. "వస్తున్నా" అని రాకపోవడం కంటే "రాలేను" అన్న మాటే రైతుకు మేలు చేస్తుంది.

ముందు మీ చేతులు

"సారూ, ఆవు గొంతులో ఏదో ఇరుక్కుంది. నోట్లో చెయ్యి పెట్టి తియ్యండ్రి." ఈ మాట వినగానే రెండడుగులు వెనక్కి వేయండి. చొంగ కారుస్తూ, మింగలేక, గొంతు మారి అరుస్తున్న పశువుకు పిచ్చికుక్క కాటు రోగం ఉండొచ్చు. రేబిస్ కాదని మీకు నమ్మకం కుదిరే దాకా నోట్లో చెయ్యి పెట్టవద్దు. కుక్క కరిచిందా అని అడగండి. రెండు మూడు నెలల కిందటి సంగతి కూడా అడగండి. కాలేజీలో ఉండగానే ముందస్తు రేబిస్ టీకా వేయించుకోండి. 0వ రోజు, 7వ రోజు, ఆ తర్వాత 21 లేదా 28వ రోజు. ఈ మూడు సూదులు పడితే ధైర్యంగా పని చేయొచ్చు. అయినా చొంగ గాయానికి తగిలితే 15 నిమిషాలు సబ్బుతో కడిగి, అదే రోజు దవాఖానకు పోవాలి. అప్పుడు కూడా రెండు సూదులు పడాల్సిందే.

ఉన్నట్టుండి చచ్చి, ముక్కు నుంచో వెనక నుంచో గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్న జీవాన్ని కోయవద్దు, ఎవరినీ కోయనివ్వవద్దు. అది ఆంత్రాక్స్ కావచ్చు. 2021లో పక్కనే వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్లు ఈ రోగంతోనే చనిపోయాయి. చెవి నుంచి ఒక రక్తపు చుక్కను గాజుపలక మీద తీసి, సున్నం చల్లి, లోతుగా పూడ్పించండి. ఆ మాంసం మీద ఆశ పెట్టుకున్న మనుషులు మీ మీద అరవొచ్చు. ఆ అరుపులు భరించి నిలబడండి.

బ్రూసెల్లా టీకా 4 నుంచి 8 నెలల ఆడ దూడలకు వేస్తాం. అది బతికున్న సూక్ష్మజీవులతో చేసిన టీకా. సూది మీ వేలికి గుచ్చుకుంటే బ్రూసెల్లా జ్వరం మీకే రావచ్చు. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయవద్దు. గుచ్చుకుంటే దాచకుండా ఆ రోజే మనుషుల డాక్టరుకు చూపించండి.

మాయ దగ్గర తెలిసే ధైర్యం

కొత్త డాక్టరును ఊరు పరీక్షించేది చాలాసార్లు మాయ దగ్గరే. ఈని 12 గంటలు దాటినా మాయ పడలేదు. "చెయ్యి పెట్టి గుంజు సారూ, ఇంతకుముందు వచ్చినాయన గట్లనే తీసేటోడు" అంటారు. బలవంతంగా లాగితే గర్భసంచి గాయపడుతుంది, చీము పడుతుంది, పశువు మళ్లీ చూడి కట్టదు. జ్వరం లేకుండా మేత మేస్తుంటే ఆగాలి. వేలాడుతున్న భాగాన్ని కత్తిరించి శుభ్రంగా ఉంచాలి. రోజూ ఒంటి వేడి చూడాలి. జ్వరం వస్తే మందు మొదలుపెట్టాలి.

లాగి చూపించిన డాక్టరు ఆ పూటకు గొప్పవాడవుతాడు. లాగని డాక్టరు గొప్పతనం మూడు నెలలకు పశువు చూడి కట్టినప్పుడు తెలుస్తుంది. అప్పటిదాకా రైతును మీతో నిలుపుకోవాలంటే, సూది వేయకముందే మూడు మాటలు చెప్పండి. "నేను ఈ జబ్బు అనుకుంటున్నాను. ఇవాళ ఈ పని చేస్తున్నాను. రేపటికి మేత పడితే మంచిది, ఒళ్లు కాలితే వెంటనే ఫోను చెయ్యండి." జబ్బు ఏమిటో తెలియకపోతే "ఇంకా తెలియలేదు, సీనియరును అడిగి సాయంత్రానికి చెప్తా" అనండి. సాయంత్రం తప్పకుండా ఫోను చేయండి. తెలియదన్నందుకు ఊరు మిమ్మల్ని వదులుకోదు. చెప్తానని చెప్పకపోతే వదులుకుంటుంది.

మూడు జిల్లాలు, మూడు తీర్లు

2016 అక్టోబర్ 11న ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో పని ఒక్క తీరుగా ఉండదు.

జనగామ వైపు మెట్ట నేల ఎక్కువ, గొర్ల మందలు ఎక్కువ. ఆఫీసు టైముకు టీకాల పెట్టెతో ఊళ్లోకి పోతే దొడ్లు ఖాళీగా కనిపిస్తాయి. మంద అప్పటికే మేతకు కదిలి ఉంటుంది. గొల్లకురుమల పెద్దమనిషికి ముందు రోజే ఫోను చేసి, తెల్లారకముందే దొడ్డి దగ్గర ఉండండి. కలిపిన పీపీఆర్ టీకాను మంచు మీదే ఉంచి రెండు గంటల్లో ముగించండి. చిటుకు రోగం టీకా వానలకు ముందే పడాలి. మందలు వలస పోయేదెప్పుడో, తిరిగొచ్చేదెప్పుడో రాసి పెట్టుకుంటే మీ టీకాల క్యాలెండరు దానంతటదే తయారవుతుంది.

మహబూబాబాద్‌లో తండాలు ఎక్కువ. కొత్తగూడ, గంగారం వైపు పోతే కోయగూడేలు. లంబాడీలో, కోయలో కడుపు, పాలు, మేత, నొప్పి, రేపు అనే మాటలైనా నేర్చుకోండి. అడిగితే ఇంటి ఆడవాళ్లే నవ్వుతూ నేర్పుతారు. పశువు సంగతి అసలు తెలిసేది కూడా వాళ్లకే. పత్తి, మిర్చి చేలకు మందు కొట్టే రోజుల్లో గట్టు గడ్డి మేసిన మేకలు చొంగ కార్చి వణుకుతూ వస్తాయి. అట్రోపిన్ మీ సంచిలో ఎప్పుడూ ఉండాలి.

భూపాలపల్లిలో మహదేవపూర్, పలిమెల వైపు పశువులు అడవిలోనే మేస్తాయి. గోమార్లు, జోరీగలు తెచ్చే రోగాలు కంటితో తేలవు. గాజుపలకలు వెంట ఉంచుకోండి, సూది వేయకముందే రక్తం తీయండి. ముందు మందు వేసి తర్వాత రక్తం తీస్తే పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. అడవి జంతువు చంపిన పశువుకు మీరు రాసే పోస్టుమార్టం కాగితం మీదే ఆ ఇంటి పరిహారం ఆధారపడి ఉంటుంది. పంటిగాట్ల కొలతలు, ఫొటోలు, చెవి ట్యాగు మీది 12 అంకెలు తప్పు లేకుండా రాయండి. బీమాకూ అంతే, ట్యాగు లేకపోతే క్లెయిము లేదు.

మీ కంటే ముందు నుంచీ ఉన్నవాళ్లు

సెంటర్లో అటెండరు, ఊళ్లో గోపాలమిత్ర మీ కంటే ఎన్నో ఏళ్లు ముందు నుంచీ అక్కడ ఉన్నారు. ఏ ఇంట్లో ఏ బర్రె పొడుస్తుందో, ఏ ఆవు ఎద ఎప్పుడు తప్పిందో వాళ్లకు తెలుసు. "అన్నా" అని పిలిచి అడగండి. అదే సమయంలో, 1984 భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం బాధ్యత రిజిస్టరైన డాక్టరుదే. చిన్న సేవలు మీ పర్యవేక్షణలోనే జరగాలి. ఊళ్లో ఎవరైనా పశువులకు డైక్లోఫెనాక్ వేస్తుంటే ఆపించండి. రాబందులను తుడిచిపెట్టినందుకు దాన్ని 2006లోనే పశువులకు నిషేధించారు. పదిమందిలో పరువు తీయకుండా, పక్కకు పిలిచి చెప్పండి.

చెల్లెళ్లకు ఒక మాట. "సారు లేడా మేడమ్?" అని అడిగేవాళ్లు మొదటి ఆరునెలలూ ఎదురవుతారు. "నేనే డాక్టరును, పశువేది?" అని నేరుగా కొట్టంలోకి నడవండి. ఈనలేని బర్రె కడుపులో కాళ్లు సర్ది దూడను తీయడంలో బలం కంటే ఒడుపే ముఖ్యమని ఒక్కసారి చూసిన ఊరు మళ్లీ ఆ ప్రశ్న అడగదు.

చదువుకుంటున్నవాళ్లకు

ఐదున్నరేళ్ల చదువులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్పే మీ అసలు పెట్టుబడి. సర్టిఫికెట్టు మీద సంతకాల కోసం కాక, చేతి లెక్క కోసం తిరగండి. మెడ నరం ఎన్నిసార్లు ఒక్క పోటుతో దొరికింది? ఎన్ని చూడి పరీక్షలు చేశారు, ఎన్ని సరిపోయాయి? తాడుతో పశువును దెబ్బ తగలకుండా పడుకోబెట్టడం, పగ్గం ముడి ఒక్క గుంజుకు ఊడేలా వేయడం పెద్ద రైతుల దగ్గరే నేర్చుకోవాలి.

మనసు సంగతి కూడా దాచుకోవద్దు. బ్రిటన్, అమెరికాల్లో పశువైద్యుల్లో ఆత్మహత్యలు మిగతా జనం కంటే ఎక్కువని అధ్యయనాలు చెప్పాయి. ఒంటరి పోస్టింగులో వరుసగా మూడు పశువులు చేతిలో పోతే ఎంతటివాడికైనా గుండె జారుతుంది. బ్యాచ్‌మేటుకు ఫోను చేయండి. నిద్ర పట్టని రాత్రుల్లో 14416కు చేస్తే టెలిమానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

పశువు పోయిన ఇంటికి

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, ఊరు, పశువు, ఏమనుకున్నారు, ఏమిచ్చారు అని రాసి, చివర ఒక గడి ఖాళీగా వదలండి. ఆ గడి రెండో రోజుది. పోయి చూడాలి, కుదరకపోతే ఫోను చేసి అడగాలి. అది నింపకుండా పేజీ తిప్పవద్దు. ఏడాది తర్వాత మీ దగ్గర ఉండేది మీ జిల్లా గురించి ఏ పుస్తకంలోనూ దొరకని పాఠం.

నా నోటుబుక్కులో ఒక గడి నింపడానికి కాళ్లు ఆడలేదు. జనగామ వైపు ఒక ఊళ్లో వానలు మొహం చాటేసిన ఏడు, ఎండకు గిడసబారిన లేత జొన్న మేసి ఒక బర్రెకు నాము తగిలింది. నేను పోయేసరికి కొట్టుకుంటోంది. సోడియం థయోసల్ఫేట్ ఎక్కిస్తే బతికే వీలుంది. నా సంచిలో ఆ మందు లేదు. తెప్పించేలోపే కళ్ల ముందే పోయింది. ఆ ఇంటికి ఉన్నది ఆ ఒక్క బర్రే. కట్టుకొయ్యకు నెల రోజుల దుడ్డె ఉంది.

మర్నాడు ఆ వీధి తప్పించుకుని పోదామనుకున్నాను. అయినా ఆ ఇంటికే పోయాను. నా సంచిలో మందు లేదన్న సంగతి ఆ తల్లికి చెప్పాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "దుడ్డెకు పాలెట్ల సారూ?" అంది. పక్కింటి బర్రె పాలు పూటకు ఎన్ని, ఎట్లా గోరువెచ్చగా తాపాలి, నట్టల మందు ఎప్పుడు, గడ్డి ఎప్పుడు అలవాటు చేయాలి అన్నీ కూర్చుని చెప్పాను. పూత రాని జొన్నలోకి పశువును తోలవద్దని వాడకట్టు అంతా తిరిగి చెప్పాను. ఆ రోజు నుంచి థయోసల్ఫేట్ లేకుండా నా సంచి గడప దాటలేదు.

మూడేళ్లు దాటాక ఆమె ఒక పడ్డను తోలుకొని దవాఖానకు వచ్చింది. చూడి పరీక్ష చేయమంది. చెయ్యి పెట్టి చూశాను. మూడు నెలల చూడి.

"ఇది ఆ దుడ్డేనా అమ్మా?"

"అదే సారూ" అంది.