దగ్గరి దారి, తొందరి దారి



కాలం = దూరం ÷ వేగం. ఈ సూత్రం మనందరికీ కంఠతా వచ్చు. దూరం పెరిగితే కాలమూ పెరగాలి కదా! మరి 1,400 కి.మీ. ఎక్కువ తిరిగిన విమానం దాదాపు రెండు గంటలు తక్కువలో చేరిందంటే నమ్ముతారా? ఇది నిజంగా జరిగింది.

రెండు దారులు

అమెరికా పడమటి తీరంలో శాన్‌ఫ్రాన్సిస్కో అనే నగరం ఉంది. ఢిల్లీ నుంచి అక్కడికి, మధ్యలో ఎక్కడా దిగకుండా వెళ్లే విమానాన్ని ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో మొదలుపెట్టింది. అది పడమరగా, అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా వెళ్లేది. భూమి గుండ్రం కాబట్టి తూర్పుగా వెళ్లినా అదే ఊరు వస్తుంది. 2016 అక్టోబరులో అలాగే పసిఫిక్ మహాసముద్రం మీదుగా నడిపి చూశారు.

పడమటి దారి: 13,900 కి.మీ., సుమారు 16½ గంటలు.
తూర్పు దారి: 15,300 కి.మీ., సుమారు 14½ గంటలు.

భాగించి చూడండి. మొదటి దారిలో సగటు వేగం గంటకు 842 కి.మీ., రెండో దారిలో 1,055 కి.మీ. వస్తుంది.

కారణం ఏమిటి?

గాలి. భూమికి 9 నుంచి 12 కి.మీ. ఎత్తున పడమటి నుంచి తూర్పుకు బలమైన గాలి ఏరులా పారుతుంది. దీన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. దాని వేగం ఒక్కోసారి గంటకు 200 కి.మీ. దాటుతుంది. గోదావరిలో పడవ వాలుకు పోతే తొందరగా పోతుంది, ఎదురెక్కితే ఆలస్యం. విమానానికీ అంతే.

భూమి తిరగడం వల్ల ఇలా జరిగిందని అనుకోకండి. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతుంది.

దారం ప్రయోగం

గ్లోబు మీద ఢిల్లీ దగ్గర దారం పెట్టి శాన్‌ఫ్రాన్సిస్కో దాకా బిగించి లాగండి. దారం పడమరకూ పోదు, పసిఫిక్ మధ్యకూ పోదు. సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువం వైపుకు పోతుంది! అదే అన్నిటికన్నా దగ్గరి దారి, సుమారు 12,400 కి.మీ. గోడ మీది పటంలో స్కేలు పెడితే ఇది తెలియదు. కానీ ఆ దారికి మొదట్లోనే హిమాలయాలు, టిబెట్ పీఠభూమి అడ్డం. అక్కడ విమానానికి ఇబ్బంది వస్తే కిందికి దిగడానికి చోటు ఉండదు. మన కొండల్లో కూడా అడ్డదారి ఉన్నా అన్ని వేళలా దాంట్లో పోలేం కదా!

గడియారం లెక్క

అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కో సమయం మనకన్నా 12½ గంటలు వెనక. ఢిల్లీలో ఉదయం 4 గంటలకు బయలుదేరిన విమానం 14½ గంటల తర్వాత దిగితే మనకు సాయంత్రం 6.30. అక్కడ మాత్రం అదే రోజు ఉదయం 6 గంటలు! ప్రయాణం రెండు గంటలే పట్టిందని మోసపోకూడదు. రెండు గడియారాలనూ ఒకే సమయానికి మార్చుకున్నాకే తీసివేత చేయాలి.

కాబట్టి సూత్రం తప్పు కాదు. అందులో వేసే వేగం నేల మీద లెక్కించినదై ఉండాలి, అంతే.

మీకో ప్రశ్న: శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఢిల్లీకి గాలి సాయంతో రావాలంటే ఏ వైపు ఎగరాలి?

జవాబు: మళ్లీ తూర్పుకే, అట్లాంటిక్ మీదుగా. అప్పుడు పోను రాను కలిపి భూమిని ఒక చుట్టు చుట్టినట్టే!