కారును లారీ ఎక్కించాలా, మనమే నడపాలా?

ప్రశ్న: మాది అమీర్‌పేట. డెబ్బై దాటిన అమ్మానాన్నలతో వారం రోజులు ఊటీ వెళ్తున్నాం. అక్కడ తిరగడానికి మా కారే కావాలి. ట్రాన్స్‌పోర్టు లారీలో పంపమంటారా?

జవాబు: వద్దండి. లోడు నిండితేగాని ఆ లారీలు కదలవు. బదిలీ మీద ఊరు మారేవాళ్లకే అది నప్పుతుంది. పెద్దవాళ్లను కాచిగూడలో యశ్వంతపూర్ వందేభారత్ ఎక్కించండి, ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. డ్రైవింగ్ బాగా వచ్చిన మరొకరిని తోడు తీసుకుని మీరు తెల్లవారుజామునే బయల్దేరండి. పంజాగుట్ట చౌరస్తా ఆ వేళ ఖాళీగా ఉంటుంది. మెహిదీపట్నంలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగితే, బెంగళూరు దాకా 44వ జాతీయ రహదారే, సుమారు 570 కిలోమీటర్లు. ఆ రాత్రి అందరూ అక్కడే ఆగండి.

మర్నాడు మైసూరు మీదుగా. బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీకి ఈ-పాస్ ఉండాలి, ముందే తీసుకోండి. దగ్గర దారని మసినగుడి వైపు తిరగకండి: 36 హెయిర్‌పిన్ మలుపులు, పెద్దవాళ్లకు నరకం. గూడలూరు మీదుగానే వెళ్లండి. తిరుగు ప్రయాణంలో ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి ఉంచొద్దు, రెండో గేరులోనే దింపండి. చక్రాల దగ్గర కాలిన వాసన వస్తే పక్కన ఆపి చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయొద్దు.