చలికాలానికి పెరటి కోళ్ల గూడు

సంఘాల తనిఖీకి చెన్నూరు చుట్టుపక్కల గ్రామాలకు మేము తెల్లవారుజామునే వెళుతుంటాము. పాలు పోయడానికి వచ్చిన ఆడవారు పాడి సంగతుల తరువాత అడిగేది కోళ్ల గురించే. పాల బిల్లు ఇంటి ఖర్చులకు పోతుంది. గుడ్ల డబ్బులు వారి కొంగుముడిలో ఉంటాయి.

మన దగ్గర మంచు గడ్డలై కురవదు. అయినా మార్గశిర, పుష్య మాసాలలో గోదావరి ఒడ్డు పల్లెలలో ఇగం తక్కువ కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు, కొన్ని సంవత్సరాలలో 5 డిగ్రీల దరిదాపులకు పడిపోతుంది.

ఒక గ్రామంలో ఒక సభ్యురాలు చలికి భయపడి గూటికి నాలుగు పక్కలా యూరియా సంచులు కట్టి, లోపల నిప్పుల కుంపటి పెట్టి తలుపు బిగించింది. తెల్లవారి చూస్తే ఇరవై పిల్లలలో మూడే మిగిలాయి. “చలికి చచ్చినయి సారూ” అన్నది. చంపినది చలి కాదు. గాలి ఆడని చోట బొగ్గు నిప్పుల నుండి వాసన లేని విషవాయువు పుడుతుంది. కుంపటి లేకున్నా బిగించిన గూడు మంచిది కాదు. కోళ్ల ఊపిరిలోని తేమ, రెట్టలోని అమ్మోనియా ఘాటు లోపలే నిలిచి కళ్లను, ఊపిరితిత్తులను పాడుచేస్తాయి. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీలు. ఈకలు పొడిగా ఉంటే పెద్ద కోడి మన చలిని తట్టుకుంటుంది. తడిసి, ఈదురుగాలి తగిలితే తట్టుకోలేదు. మంచు కురిసే దేశాలలో కూడా గూటి కప్పు కింద గాలి సందు మూయరు.

కనుక దీపావళికి ముందే కప్పు కారకుండా చూసుకోవాలి. చలిగాలి వచ్చే పక్క, కోళ్లు కూర్చునే ఎత్తు వరకు గోనె పట్టాలు కట్టి, ఎదురు పక్క కప్పు కింద బెత్తెడు సందు వదలాలి. ఎండ రాగానే పట్టాలు ఎత్తివేయాలి. నేల మీద 3, 4 అంగుళాల మందాన వరి ఊక పరచి, తడిసిన చోట తీసివేసి పొడి ఊక పోయాలి. తెల్లవారుజామున గూటిలో తల పెట్టి చూడండి: కళ్లు మండితే సందు చాలలేదన్నమాట.

తల్లి కింది పిల్లలకు దిగులు లేదు. కొని తెచ్చిన వనరాజా, గ్రామప్రియ పిల్లలకు తల్లి ఉండదు. వాటికి మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. తరువాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గించవచ్చు. ఇప్పటి ఎల్‌ఈడీ బల్బు వెలుతురు ఇస్తుందే గాని కాక ఇవ్వదు. పాత తీగ బల్బే కావాలి. ఊకకు తగలకుండా తీగతో గట్టిగా వేలాడదీయాలి. పిల్లలు బల్బు కింద గుంపు కడితే వేడి చాలదు, దూరంగా పోతే ఎక్కువైనది.

సాయంత్రం గూటికి చేరే ముందు పిడికెడు మక్కలో జొన్నలో చల్లితే రాత్రంతా ఒంట్లో వేడి నిలుస్తుంది. పొద్దున గోరువెచ్చని నీరు పెట్టండి. కోళ్లను పశువుల కొట్టంలోకి మాత్రం తోలవద్దు. రెట్ట మేతలో పడుతుంది, పేలు పశువులకు ఎక్కుతాయి.

కొక్కెర తెగులుకు గూడు ఎంత బాగున్నా అడ్డు కాదు. చలి ముదరక ముందే ఊరి కోళ్లన్నిటికీ ఒకే రోజు టీకా వేయించాలి. టీకా మందును పశువైద్యశాల నుండి మంచుగడ్డల ఫ్లాస్కులోనే తేవాలి. జేబులో వేసుకుని సైకిలు మీద తెచ్చిన మందు వేసినా వేయనట్టే.