రాత్రి డ్యూటీలో చేరిన అమ్మాయికి



అమెరికా కంపెనీలకు మనుషుల్ని చూసిపెట్టే స్టాఫింగ్ ఆఫీసులో రిక్రూటర్‌గా చేరి నెల తిరక్కుండానే నీకు నిద్ర పట్టడం లేదని, అన్నం సయించడం లేదని మీ అమ్మ ఫోన్‌లో బెంగపడింది. అమీర్‌పేటలో ఏళ్ల తరబడి ఇదే పని చేసినదాన్ని కనుక రాస్తున్నాను.

ఒత్తిడి ఎక్కడ పుడుతుందో ముందు తెలుసుకో. రోజుకిన్ని సబ్మిషన్లు, నెలకిన్ని క్లోజర్లు అని టార్గెట్ నీ పేరున రాస్తారు. సబ్మిషన్, అంటే క్లయింటుకు ప్రొఫైల్ పంపడం, నీ చేతిలో పని. క్లోజర్, అంటే మనిషి ఉద్యోగంలో కుదరడం, అలా కాదు, క్లయింటూ క్యాండిడేటూ ఇద్దరూ సరేననాలి. తన ప్రొఫైల్ పంపమని నీకు ఆర్‌టీఆర్ (అనుమతి) మెయిల్ ఇచ్చిన మనిషే ఇంకో వెండర్‌కీ ఇస్తాడు, డబుల్ సబ్మిషన్ అని ప్రొఫైల్ పక్కన పడేస్తారు. ఆఫర్ తీసుకున్నవాడు చేరాల్సిన రోజు ఫోన్ ఎత్తడు. మాటలు పడేది నువ్వు. అందుకే రోజూ ఎన్ని కాల్స్ చేశావో, ఎన్ని ప్రొఫైల్స్ పంపావో, ఎందరికి జవాబు చెప్పావో ఎక్సెల్ షీట్‌లో విడిగా రాసుకో. టీమ్ లీడ్ అడిగినా అదే చూపించు. నువ్వు జవాబుదారీవి దానికే.

క్యాండిడేట్లు కసురుకుంటారు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే అమెరికాలో ఉండడానికి గడువు మహా అయితే 60 రోజులు. ఇంటి అద్దె, పిల్లల బడి, కారు లోను అన్నీ ఆ గడువు మీదే వేలాడుతుంటాయి. ఆ విసుగు నీ మీద కాదు. రిజెక్ట్ అయితే ఆ రోజే చెప్పు: "వేరేవాళ్లను తీసుకున్నారండీ, క్లౌడ్ అనుభవం చాలదన్నారు." అంతే. చెప్పకుండా దాటేస్తే వాళ్ల మిస్డ్ కాల్స్ నిన్ను నిద్రలోనూ వదలవు.

అన్నిటికన్నా మనిషిని నలిపేది అబద్ధం. రెండేళ్ల అనుభవాన్ని ఎనిమిదేళ్లు చేయమనీ, ఇంటర్వ్యూలో ఒకరి బదులు ఇంకొకరిని కూర్చోబెట్టమనీ అడిగే కన్సల్టెన్సీలు ఉన్నాయి. ఒప్పుకోకు. అలాంటి రెజ్యూమె ఒక్కటి నీ మెయిల్ నుంచి వెళ్లిందంటే, ఇక ప్రతి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కీ గుండె దడే. ఏ ధ్యానమూ దాన్ని ఆపలేదు. బలవంతపెడితే మానేసి వచ్చెయ్, ఇంట్లో నేను మాట్లాడతాను.

ఇక నిద్ర. నీ డ్యూటీ అమెరికా వేళలకే కదా. న్యూయార్క్‌లో ఉదయం 9 అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు మారాక 7:30. తెల్లారి నువ్వు భవానీపురంలో ఇల్లు చేరేసరికి హైదరాబాద్ రోడ్డు మీద లారీల మోత. రోడ్డు వైపు గది వదిలేసి వెనక గదిలో మందపాటి కర్టెన్లు వేయించుకో. అర్ధరాత్రి దాటాక టీ వద్దు. డ్యూటీకి ముందు పున్నమి ఘాట్ దాకా నడిచిరా, కాస్త ఎండ పొడ తగలాలి.

ఒళ్లు హూనమవడం, పని మీద విరక్తి, ఏదీ చేతకావడం లేదన్న దిగులు: తగ్గని ఉద్యోగ ఒత్తిడి వల్ల వచ్చే ఈ బర్నౌట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే గుర్తించింది. అది నీ బలహీనత కాదు. వారాలు గడిచినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆదివారం నిద్ర లేచాక నాకూ ఫోన్ చెయ్యి. నీ ఆఫర్ లెటర్‌లో, మానేయాల్సి వస్తే అడ్డొచ్చే బాండు షరతు ఏమైనా ఉందేమో చదివి వినిపించు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ