ప్రశ్నలు - జవాబులు: బడిపిల్లల బుల్లి సినిమా

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలతో పది నిమిషాల సినిమా తీయించాలనుకుంటున్నాను. కథలు రాసుకు రమ్మంటే తాగుబోతు తండ్రి, యాక్సిడెంటు, చివర్లో ‘చెట్లు నాటండి, ఫోన్లు మానండి’. అందరివీ ఇవే. దేన్ని ఎంచుకోమంటారు?
- తెలుగు టీచరు, కాకినాడ జిల్లా

జవాబు: దేన్నీ ఎంచుకోకండి, దేన్నీ పారేయకండి. బడిలో సినిమా అనగానే నీతి ఉండాలని పిల్లలకి నూరిపోసింది మనమే. పోటీలు పెట్టేవాళ్లూ ‘అంశం’ పేరుతో అదే అడుగుతారు. మీరు మాత్రం పిల్లల్ని రెండే ప్రశ్నలు అడగండి. ఈ పది నిమిషాల్లో కథలోని పిల్లకి ఏం కావాలి? దానికి అడ్డం ఏమిటి?

తాగుబోతు తండ్రి కథనే తీసుకుందాం. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం కావాలి. నాన్న మంచం మీద బోర్లా పడి ఉన్నాడు, ఎంత కుదిపినా లేవడు. సందు చివర ఆటో హారన్ కొడుతోంది. అమ్మాయి పెన్ను మూత తీసి ఆయన వేళ్ల మధ్య పెడుతుంది. పెన్ను జారి మంచం కిందకి దొర్లిపోతుంది. వంగి తీసుకుంటుంది. కార్డులో పైగడిలో నాన్న పోయినసారి పెట్టిన సంతకం కనిపిస్తుంది. ఇప్పుడా పిల్ల ఏం చేస్తుంది? ఈ ప్రశ్న వేసి మీరు కుర్చీలో కూర్చోండి. క్లాసంతా రెండు పార్టీలై కొట్టుకుంటుంది. ఆ గొడవలోంచే మీ సినిమా పుడుతుంది. తాగుడు అన్న మాట ఎవరి నోటా రానక్కర్లేదు. చూసేవాళ్లకి అర్థమైపోతుంది.

కథ ఎంత చిన్నదైనా ఫరవాలేదని పిల్లలకి నమ్మకం కుదరాలంటే మూడు సినిమాలు చూపించండి. 1895లో లూమియేర్ సోదరులు తీసిన తోటమాలి సినిమా నిమిషం కూడా ఉండదు. తోటకి నీళ్లు పడుతుంటే ఓ కుర్రాడు వెనక నుంచి గొట్టం తొక్కుతాడు. నీళ్లు ఎందుకు ఆగాయా అని తోటమాలి గొట్టంలోకి తొంగి చూడగానే కాలు తీసేస్తాడు. ఇరాన్ దర్శకుడు కియరోస్తామి 1970లో తీసిన తొలి సినిమాలో రొట్టె పట్టుకుని ఇంటికెళ్లే పిల్లాడికి సందులో కుక్క అడ్డం. సత్యజిత్ రాయ్ 1964లో తీసిన ‘టూ’లో ఉన్నోళ్ల పిల్లాడు, లేనోళ్ల పిల్లాడు బొమ్మలతో పోటీ పడతారు. మాటన్నదే లేదు. మూడూ ఒక్క పీరియడులో అయిపోతాయి.

ప్రశ్న: మా క్లాసులో నలభై మంది. ఫోను ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు అబ్బాయిల చేతుల్లోనే ఉంటోంది. అమ్మాయిలు నటించడానికీ, సామాన్లు మోయడానికీ మిగులుతున్నారు.
- ఓ ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: ఆరుగురేసి జట్లు చేసి, అన్ని జట్లకీ ఒకే అరపేజీ సీను ఇవ్వండి. దర్శకత్వం, కెమెరా, శబ్దం, నటన, సామాన్లు, ఏ షాటు ఎన్నోసారి తీశారో రాసుకోవడం - రోజుకో పని మారాలి. మొదటి రోజు కెమెరా అమ్మాయిలకివ్వండి. ఏ జట్టు తీసినదైనా నిమిషం దాటకూడదు. అన్నీ వరసగా వేసి చూపిస్తే అదే సీను ఒకరి చేతిలో నవ్వు, ఇంకొకరి చేతిలో ఏడుపు అవుతుంది. దర్శకుడు చేసే పనేమిటో దీంతో తెలిసినంతగా పాఠంతో తెలియదు. ఒక్క మాట: కుదరట్లేదని మీరు ఫోను లాక్కుని తీసి చూపించకండి. ఆ క్షణం నుంచి అది మీ సినిమా.

ప్రశ్న: ఫోనుతో తీస్తున్నాం. మాటలు వినబడవు, ట్యూబులైటు కింద బొమ్మ మీద చారలు పడుతున్నాయి.
- జూనియర్ కాలేజీ లెక్చరర్, కరీంనగర్

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్. ఫోన్లు ఎక్కువగా సెకనుకి 30 ఫ్రేములు తీస్తాయి, రెండిటికీ పొత్తు కుదరక చారలు. ప్రో మోడ్ ఉంటే 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెట్టండి. లేకపోతే లైటు ఆర్పి, గుమ్మం దగ్గర పగటి వెలుగులో తీయండి, మొహాలు ఇంకా బాగుంటాయి.

శబ్దానికి రెండో ఫోను కావాలి. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మాట్లాడేవాళ్ల చొక్కా జేబులో తలకిందులుగా వేయండి. మైకు ఉండేది ఫోను అడుగున కాబట్టి అది పైకి రావాలి. ప్రతి షాటుకి ముందు కెమెరా ముందు చప్పట్లు కొట్టిస్తే బొమ్మనీ శబ్దాన్నీ కలపడం తేలిక. ఫ్యాను కట్టేయండి. నటులకి చెమటలు పడితే పట్టనివ్వండి. చివర్లో అందరూ నోరు మూసుకుని అరనిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఎడిటింగులో మాటల మధ్య ఖాళీలు దాంతోనే పూడ్చాలి.

ప్రశ్న: ఇద్దరు స్నేహితులు బెంచీ మీద మాట్లాడుకునే సీను తీశాం. షాట్లు కలిపితే ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టుంది!
- ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: ఇద్దరినీ కలుపుతూ నేల మీద సుద్దముక్కతో గీత గీయమ్మా. ఫోను ఆ గీతకి ఎప్పుడూ ఒకే పక్కన ఉండాలి. అప్పుడు ఒకమ్మాయి కుడికీ, ఒకమ్మాయి ఎడమకీ చూస్తుంది. తీసేసిన షాటుని అద్దంలోలా తిప్పేయొచ్చు గానీ, గోడ మీద అక్షరాలు తిరగబడతాయి, పైట కుడి భుజం మీదకొస్తుంది. మళ్లీ తీయడమే మేలు.

ప్రశ్న: పేరున్న కథని సినిమాగా తీసి, యూట్యూబులో పెట్టవచ్చా? సినిమా పాట వాడుకోవచ్చా?
- డిగ్రీ కాలేజీ అధ్యాపకుడు, విజయనగరం

జవాబు: మన చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కులు వారసులవి. గురజాడ 1915లో పోయారు. కాబట్టి 1910 నాటి ‘దిద్దుబాటు’కి ఎవరినీ అడగనక్కర్లేదు. ఒక రాత్రి, ఒక ఇల్లు, ఒక ఉత్తరం, ముగ్గురు మనుషులు - డిగ్రీ పిల్లలకి కుదిరినట్టుంటుంది. చాసో పోయింది 1994లో, ‘గాలివాన’ రాసిన పాలగుమ్మి పద్మరాజు 1983లో. వాళ్ల కథలకి కుటుంబం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

సినిమా పాట వద్దు. రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు, రికార్డు కంపెనీ - ఎవరి హక్కు వారిదే. ముప్పై సెకన్లయితే వాడుకోవచ్చన్నది ఉత్త మాట, చట్టంలో లేదు. మీ క్లాసులో పాడే పిల్ల ఉంటే, వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాత జానపదం ఒకటి పాడించి రికార్డు చేసుకోండి.