పర్మాంగనేటు పలుకులు

మన ప్రయోగశాలయందలి బీరువాలో ఊదావన్నె పలుకులతో నిండిన గోధుమరంగు సీసా యొకటి గలదు. దానిపై పొటాషియం పర్మాంగనేటు అని వ్రాసియున్నది. ఒకానొక వేసవిలో తొమ్మిదవ తరగతి బాలుడొకడు మాకు తెలియకుండ ఆ సీసానుండి చెంచాడు పలుకులు తీసి, నోటుపుస్తకపు కాగితములో పొట్లము కట్టి, చొక్కాజేబున నుంచుకొనెను. తమ్ముని కాలిపుండు కడుగుటకట! మధ్యాహ్నపు చెమటకు కాగితము తడిసెను. ఆటస్థలమునుండి అతడు మాయొద్దకు వచ్చునప్పటికి చొక్కాపై రూపాయి బిళ్ళంత గోధుమవన్నె మచ్చయు, దాని క్రింద రొమ్మున ఎఱ్ఱగా కాలిన గుర్తును కనబడెను. నీటితో చాలసేపు కడిగించి వైద్యునియొద్దకు పంపితిమి. కొన్ని దినములకు మానినది. కాని అతడు మమ్మడిగిన ప్రశ్న మాత్రము మాకింకను జ్ఞప్తియందున్నది. “పుండు మాన్పు మందు పుండెట్లు చేసెనండీ?” అనెను. నాడు గంట కొట్టుటచే చెప్పలేకపోయిన సమాధానమును ఇచ్చట వ్రాయుచున్నాము.

ఈ పదార్థమునకు మూలమైన మాంగనీసు ఖనిజము తెలుగువారికి క్రొత్తది కాదు. భారతదేశమున మాంగనీసు గనుల త్రవ్వకము మొట్టమొదట 1892లో నాటి విశాఖపట్టణము జిల్లాలో ఆరంభమైనది. గరివిడి, చీపురుపల్లి మొదలగు ఆ గనుల ప్రాంతములు నేడు విజయనగరము జిల్లాలో నున్నవి. నల్లని ఆ రాతిపొడిని క్షారముతో కలిపి గాలి తగులునట్లు కాచినచో ఆకుపచ్చని పదార్థము పుట్టును. దానిని మఱికొంత మార్చినచో ఊదావన్నె పర్మాంగనేటు లభించును. ఇందు ఒక్కొక్క మాంగనీసు పరమాణువును నాలుగేసి ఆమ్లజని పరమాణువులు చుట్టుకొనియున్నవి. ఆ ఆమ్లజనిని ఎదుట దొరికిన వస్తువునకు అంటగట్టుటయే దీని స్వభావము. దీనినే ఆక్సీకరణమందురు. దీని సద్గుణములును దుర్గుణములును అన్నియు ఈ యొక్క స్వభావమునుండియే పుట్టినవి.

నీటిలోని సూక్ష్మజీవి చచ్చుటయు, బాలుని రొమ్ము కాలుటయు ఒక్క కార్యమే. సూక్ష్మజీవి దేహమైనను మన చర్మమైనను మాంసకృత్తులతో నిర్మితమైనవే గదా. ఇది శత్రువు, ఇది మిత్రుడు అను వివేకము పర్మాంగనేటునకు లేదు. ఆ వివేకము మనము ఉపయోగించు పరిమాణములో నుండవలెను. వైద్యులు చర్మమునకు విధించు ద్రావణము పదివేల భాగములలో ఒక భాగము, అనగా 10 లీటర్ల నీటికి 1 గ్రాము మాత్రమే. త్రాసులో ఒక గ్రాము తూచి చూపినప్పుడు విద్యార్థులు “ఇంతేనా!” యని నవ్విరి. ఆ బాలుడు మూటగట్టిన చెంచాడు పలుకులకు పెద్ద తొట్టెడు నీరు కావలసియుండును. సరిగా కలిపిన నీరు పలుచని గులాబివన్నెలో నుండును. ముదురు ఊదావన్నె కనబడెనా, అది మందు కాదు, వాతయని తెలియవలెను. మఱియొక సంగతి. ఈ పలుకులు నీటికంటె రెండున్నర రెట్లకు మించిన బరువు గలవి. కావున అడుగునకు దిగి, కరగక దాగియుండును. పైనీరు గులాబివన్నెతో ముద్దుగానే యుండును, అడుగున కాలు మోపినచోట కాలును.

దీని వన్నె మారుటలో ఒక చమత్కారము గలదు. తన పని ముగించినప్పుడు ఊదారంగు పోయి గోధుమవన్నె మిగులును. చొక్కాపై మచ్చ అదియే. ఈ గుణమును మన దేశమున గొప్పగా వినియోగించిరి. 19వ శతాబ్దము చివర ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడుగా నుండిన హాంకిన్ దొర, కలరా ప్రబలినప్పుడు బావులలో పర్మాంగనేటు వేయు పద్ధతిని ప్రచారము చేసెను. మందు వేసిన కొలదిసేపటికే రంగు మాయమైనచో నీటిలో మలినమింకను ఉన్నదని యెఱిగి మరల వేయుదురు. రంగు గంటల తరబడి నిలిచినచో బావి శుద్ధియైనదని గ్రహింతురు. ఏ యంత్రమును లేకుండ కంటితో చూచి నిర్ణయింపదగిన పరీక్ష! పిమ్మట బ్లీచింగు పౌడరు ఆ స్థానమును ఆక్రమించినది.

ఇక ఈ వ్యాసమున మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి పాముకాటును గూర్చినది. 1881లో బ్రెజిలు దేశపు శాస్త్రజ్ఞుడు లాసెర్డా, ఈ ద్రావణము పామువిషమును నిర్వీర్యము చేయునని ప్రకటించెను. అది అబద్ధము కాదు. గాజుపాత్రలో విషమును పర్మాంగనేటును కలిపినచో విషము చెడుట నిజమే. 1904లో లాడర్ బ్రంటన్, ఫేరర్, లియొనార్డ్ రోజర్స్ అను వైద్యులు తమ ప్రయోగములను ప్రకటించిరి. కఱచినచోట కోసి పలుకులను రుద్దవలెనని వారి విధానము. చిన్న కత్తియు, దాని కొయ్యపిడిలోనే పలుకులును అమర్చిన సాధనములు మన దేశమున విరివిగా పంచబడెను. పలు ప్రథమచికిత్స పుస్తకములలోనికి ఆ విధి ఎక్కినది. మా తాతగారి నాటి మందులపెట్టెలో అట్టి సాధనమును మేము చూచితిమి.

కాని పాత్ర వేఱు, దేహము వేఱు. కోఱలు దింపిన విషము లోతుగా పోయి, ప్రక్కల కండలలోనికి వ్యాపించును. పైన రుద్దిన పలుకు ఆ విషమును చేరకముందే, ఎదురుపడిన మాంసముతో, నెత్తురుతో తన శక్తినంతయు వెచ్చించివేయును. ఫలమేమనగా, విషము విషముగానే యుండును, దానిపై కాలిన గాయమొకటి చేరును. కోఁత వలన నెత్తురు కాఱుట మఱియొక యాపద. రక్తపింజరి కాటునకు నెత్తురు గడ్డకట్టని స్థితి కలుగును గదా. వీనియన్నిటికంటె విలువైన కాలము వ్యర్థమగును. కావున నేటి వైద్యులు కోయరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు, ఏ రసాయనమును రుద్దరాదు అని స్పష్టముగా చెప్పుచున్నారు. కఱవబడినవానికి ధైర్యము చెప్పి, కాటుపడిన అవయవము కదలకుండ చూచి, 108 అంబులెన్సునకు కబురుచేసి, విషమునకు విరుగుడు సూదిమందు దొరకు ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను. ఇంట పాతపుస్తకము ఉన్నవారు ఆ పుటప్రక్కను ఈ మాట వ్రాసియుంచుకొందురుగాక.

నిప్పును గూర్చి కొంచెము. పర్మాంగనేటు తానుగా మండదు. మండు వస్తువునకు తోడుపోవును. పలుకులపై గ్లిసరిను పడినచో అగ్గిపుల్ల లేకుండగనే కొలదిసేపటిలో మంట లేచును. పొడి మెత్తనిదైన కొలది త్వరగా అంటుకొనును, ఏలయన మెత్తని పొడికి తగులుచోటు ఎక్కువ. ఇది తెలిసిన పిల్లలు ఇంద్రజాలముగా ప్రదర్శింప నుత్సహింతురు. ఆ మంట ఎప్పుడు లేచునో ముందుగా నిర్ణయింపజాలము, వంగి చూచు సమయముననే లేవవచ్చును. పంచదారతోగాని గంధకముతోగాని కలిపి నూరుట అంతకంటె భయంకరము, రోటిలోనే ప్రేలవచ్చును. గాఢ గంధకామ్లము తగిలినచో ప్రేలుడు స్వభావముగల జిడ్డుద్రవము పుట్టును. ఉదహరికామ్లము తగిలినచో ఊపిరితిత్తులను దహించు క్లోరిను వాయువు వెలువడును. అందుచేతనే ఆ సీసాను ఆమ్లములకును స్పిరిటునకును దూరముగా వేఱొక అరలో పెట్టితిమి. గాజు మూతయే గాని బెండు మూత వాడము. పలుకులు నేల పడినచో రంపపుపొట్టు చల్లి ఊడ్చుట తగదు. చేతొడుగులు తొడిగి, పొడి లేవకుండ నెమ్మదిగా ఎత్తి, మిగిలినదానిని విస్తారమైన నీటితో కడుగవలెను. తుడిచిన గుడ్డను, తూచిన కాగితమును నీటిలో ముంచి తడిపిన పిమ్మటనే పారవేయవలెను.

తలిదండ్రులకు ఒక విన్నపము. ఈ మందు బిళ్ళల రూపమున గూడ అమ్మబడును. 400 మిల్లీగ్రాముల బిళ్ళను 4 లీటర్ల నీటిలో కరగించి పైకి వాడవలెను. దానిని మ్రింగు మాత్రయని భ్రమించి రోగులకిచ్చుట సంభవించుచుండుటచే, 2022లో ఇంగ్లండు దేశపు ఆరోగ్యశాఖవారు జాతీయ హెచ్చరికను ప్రకటించిరి. శిక్షితులైన నర్సులున్నచోటనే అట్లయినచో, వంటింటి గూటిలో చీటిలేని పొట్లమును గూర్చి చెప్పనేల? మ్రింగినచో నోరు, గొంతు కాలి వాచి ఊపిరాడకపోవచ్చును. సుమారు 10 గ్రాములు పెద్దవారికైనను ప్రాణాంతకమని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అట్టిచో వాంతి చేయింపక, నోరు కడిగించి, తత్‌క్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను. కంటబడినచో రెప్పలు విప్పి పట్టి, పావుగంటకు తక్కువగాకుండ నీటిధారతో కడిగి, కంటివైద్యునికి చూపవలెను.

సామాన్యమైన గీఱుడుగాయమునకు శుభ్రమైన నీరును సబ్బును చాలును. ఆ బాలుని తమ్మునికిని వైద్యుడు అదియే చెప్పెనట. ప్రస్తుతము ఆ సీసాకు తాళము గలదు. తాళపుచెవి మాయొద్ద నున్నది. పలుకులు కావలసిన విద్యార్థి వచ్చి అడిగినచో, ఎందులకో విని, మేమే తూచి, నీటిలో కలిపి యిచ్చుచున్నాము.